పడవ మీద చెప్పిన మందు కథ

గాజు సిరంజి మరిగే నీళ్లలో టకటకమని కొట్టుకుంటుంటే ఆండాలుకు నవ్వొచ్చింది. ఈమధ్య ఏ చప్పుడు విన్నా నవ్వే వస్తోంది. కొట్టంలో బర్రెల గొలుసులు, గౌలిపుర గల్లీలో పాల క్యాన్ల మోత, అన్నీ కొత్త పెళ్లికూతురు కోసమే మోగుతున్నట్టుంది.

చక్కెర జబ్బు సంగతి పెళ్లిచూపులప్పుడే నాన్న దాచకుండా చెప్పాడు. "రోజూ సూదేసుకుంటది, గంతేగద. మా ఇంట్ల పాలకేం తక్కువ, బలమొస్తది" అంది అత్త సత్తెమ్మ. ఆ ఒక్క మాటకే ఆండాలు అత్తను ప్రేమించేసింది. తెల్లారకముందే లేచి పేడ ఎత్తి, క్యాన్లు తోమి, మొగుడి టిఫిన్ డబ్బా కట్టాకే తన సూది. "బియ్యెస్సీ చదివి పేడెత్తుతుంది చూడు" అని వాడకట్టు ముక్కున వేలేసుకుంటే, అదీ మెచ్చుకోలే అనుకుంది.

పైగా కాశ్మీరు చూసొచ్చింది. మొగుడు వైకుంఠం సర్కారు కార్ఖానాలో గుమాస్తా. ఆఫీసువాళ్లు దారిఖర్చులు ఇస్తారని డాల్ సరస్సుకు తీసుకుపోయాడు. దేవదారు చెక్కతో కట్టిన పడవే ఇల్లు. పైకప్పంతా చెక్కిన పూలు, పడక కింద నీళ్ల గలగల, కిటికీ దగ్గరికే పూల పడవలు. అక్కడ ఒక పొద్దున ఆమె సూది వేసుకుంటుంటే వైకుంఠం అడిగాడు, "గీ మందు ఎవలు కనిపెట్టిన్రు?"

మొగుడు తన చదువు గురించి అడగడం అదే మొదటిసారి. ఆండాలు ఒళ్లంతా నోరై చెప్పింది. మూత్రానికి చీమలు పడితే పాతకాలం వైద్యులు ఈ జబ్బును గుర్తుపట్టారట. తర్వాతి డాక్టర్లు పిల్లలకు తిండి మాన్పించి, ఎముకల గూళ్లను చేసి, నాలుగు రోజులు ఎక్కువ బతికించేవాళ్లట. యాభై ఏళ్ల కింద కెనడాలో కుక్కల క్లోమం రసంతో పరీక్షలు చేసి కనిపెట్టిన మందును చావబోయే పిల్లాడికి ఎక్కిస్తే లేచి కూర్చున్నాడట.

"ఇప్పుడు గూడ కుక్కలకెళ్లేనా?"

"లే. కబేళాలల్ల ఆవుల క్లోమం దొరుకుతది గద, దాంట్లకెళ్లి తీస్తరు."

వైకుంఠం ఆమె మణికట్టు పట్టుకుని గాజులు పగిలేదాకా నొక్కాడు. నెత్తురు తుడుచుకుంటూ, ప్రేమ ఎక్కువున్న మొగాళ్లకు కోపమూ ఎక్కువేనేమో అనుకుంది. ఇంటికొచ్చాక అతను అన్నం తింటూ తల్లికి అంతా చెప్పాడని ఆమెకు తెలియదు.

"ఏందే, నిజమేనా?" పొయ్యి మీద సిరంజి ఇంకా మరుగుతుండగానే, బర్రెలను అదిలించే కట్టెతో సత్తెమ్మ వంటింటి గడపలో నిలబడింది. "ఆవును కోసిన మందు పొడుచుకొని నా పాలగిన్నెలు ముడుతున్నవంట."

విడమరిచి చెబితే సరిపోతుందనుకుంది ఆండాలు. "అత్తమ్మా, అది మాంసం కాదు, రసం..."

కట్టె భుజం మీద పడింది. రెండో దెబ్బకు గిన్నె తిరగబడి మరిగే నీళ్లు పాదం మీద ఒలికాయి. సిరంజి బండ మీద పడి ముక్కలైంది. వైకుంఠం నీళ్ల కూజా పక్కన తడిగుడ్డలో చుట్టి పెట్టిన మందు సీసా తీసి, కుడితి తొట్టికేసి కొట్టాడు. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

"అది లేకుంటే నేను సస్త" అంది.

"మా అమ్మమ్మ కాలంల ఎవలకున్నయే సూదులు?" అన్నాడు వైకుంఠం.

"అప్పుడు సచ్చిన్రు."

పిడికిలి నోటి మీద పడింది. జుట్టు పట్టి కొట్టంలోకి ఈడ్చాడు. ఆమె పడినచోట, గడ్డి కూరిన దూడ తోలు నాలుగు కట్టె కాళ్ల మీద నిలబడి ఉంది. తల్లి బర్రె దాన్నే బిడ్డనుకుని నాకుతోంది; అలా నాకితేనే పాలు చేపుతుంది. ఆండాలు నెత్తురు ఉమ్మి అడిగింది, "గీ దూడ ఎట్ల సచ్చిందత్తమ్మా? పాలు మిగులుతయని దాని కడుపు ఎండబెట్టిందెవలు?"

సత్తెమ్మ చెయ్యి గాలిలో ఆగింది. తర్వాతి దెబ్బ ఇంకా గట్టిగా దిగింది.

"మందు లేకుంట ఉండు. దేవుడు బతికిస్తే మా ఇంటి కోడలివి" అన్నాడు వైకుంఠం, చెప్పులు తొడుక్కుంటూ. ఆఫీసుకు టైమవుతోంది.

మందు లేకపోతే ఏమవుతుందో ఆండాలు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. ముందు దాహం. తర్వాత వాంతులు, శ్వాసలో పండిన పండు వాసన, చివరికి లేవలేని నిద్ర. ఆ నిద్రలో తను, తలుపవతల ఈ ఇద్దరు, పొద్దున్నే పాల మోత. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెకు ఏ చప్పుడుకూ నవ్వు రాలేదు. గోడ పట్టుకుని లేచింది. వీధి తలుపు గొళ్లెం తీస్తుంటే జడ అతని చేతికి చిక్కింది. తల విదిల్చింది. పాయ ఒకటి ఊడి అతని పిడికిట్లో ఉండిపోయింది.

వట్టి కాళ్లతో గల్లీలోకి వచ్చేసరికి ఎదురింటి నీలమ్మ పాలు కొలవడం ఆపింది. చుట్టూ గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్లు.

"అయ్యో బిడ్డా, జారిపడ్డవా?"

పెదవి పగిలిన ప్రతి కోడలినీ ఆ గల్లీ అడిగేది అదే. ప్రశ్నలోనే జవాబు పెట్టి చేతికందిస్తారు. మొగుడి పేరు నోట పలికిన ఆడది ఆ వాడలో ఇప్పటిదాకా లేదు.

"రిక్షా పిలువు నీలమ్మత్తా, దవాఖానకు పోవాలె. మళ్ల ఈ ఇంటికి రాను" అంది ఆండాలు, గల్లీ చివరిదాకా వినపడేట్టు. "నేను పడలే. వైకుంఠం కొట్టిండు."