బాలింత పిల్లి

నాచారంలో మా ఇంటి గోడ మీద నారింజ తొక్కలు, గేటు దగ్గర నీలం నీళ్ల సీసాలు చూసి, వరండాలో వెనిగర్ వాసన పీల్చి, ఇదేం ఇల్లురా బాబూ అనుకోనివాళ్లు లేరు. అదంతా ఒక్క పిల్లిని ఇంట్లోకి రానివ్వకుండా ఉండడానికి. నీలం నీళ్లు కుక్కలకేనట, పిల్లులకు కాదట. పెట్టమని చెప్పిన పక్కింటివాళ్లే ఆ సంగతి తర్వాత చెప్పారు. పిల్లి ఆ సీసాలకే ఒళ్లు రుద్దుకుని లోపలికి వచ్చి, వెనక గది సజ్జ మీద, పాత సూట్‌కేసుల వెనక మూడు పిల్లల్ని పెట్టింది.

నాకు పిల్లుల మీద పగేం లేదు. మా అత్తమ్మ బాలనర్సమ్మకు దమ్ము జబ్బు. పిల్లి వెంట్రుకలకు ఆమెకు ఊపిరాడదు. ఈ నెలలోనే రెండుసార్లు ఆటోలో ఉప్పల్ దవాఖానాకు పరుగెత్తాం. మూడోసారి ఇలాగే వస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ ముఖం మీదే చెప్పాడు. బడిలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వండి, అత్తమ్మకు ఆవిరి మిషన్ పట్టి, గదులు తడిగుడ్డతో తుడిచేసరికి నా నడుము నాది కాకుండా పోతోంది.

"పిల్లలను ముట్టకు నీలవేణీ, తల్లి ఇడిసిపెడ్తది. అదే తీస్కపోతది, జర ఆగు" అన్నాడు మా ఆయన వీరేందర్. పొద్దున పోయి రాత్రికొచ్చే మనిషి, ఎన్నాళ్లయినా ఆగుతాడు.

సరే, పిల్లల్ని ఉండనిచ్చాను. కనీసం తల్లి అత్తమ్మ గదిలోకి రాకుండా ఆ గది తలుపు, కిటికీ రోజూ నేనే మూసి బడికి పోతున్నాను. అయినా దుప్పటి మీద వెంట్రుకలే. ఎటునుంచి వస్తోందో తేల్చుకుందామని ఒకరోజు కిటికీ గట్ల మీద పలచగా బియ్యప్పిండి చల్లి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే అడుగుల గుర్తులు అత్తమ్మ గది కిటికీ మీదే ఉన్నాయి. గొళ్లెం లోపలినుంచి తీసి ఉంది. మంచం కింద గిన్నెలో అడుగున పాలు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది అత్తమ్మా ఇది? నేను గిట్ల సస్తుంటే నువ్వు కిటికీ తీసి పాలు పోస్తున్నవా?"

అత్తమ్మ దిండుకు ఆనుకుని, మాటకో ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "బాలింత బిడ్డా. మన గడపల కన్నది. దాన్ని ఉపాసం ఎట్ల ఉంచుత?"

"మరి నీ దమ్ము?"

ఆమె నా వైపు చూడకుండానే అంది. "నువ్వు బాలింతగున్నప్పుడు నేను చెంగిచెర్లకు ఇండ్ల పనికి పోయిన. అయిదోనాడే లేసి నువ్వే వండుకున్నవ్. నేను సూసిన. సూసి గూడ పోయిన."

ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న మా అమ్మాయి పుట్టినప్పటినుంచీ, పదమూడేళ్లు ఆ మాట కోసమే కాచుకున్నానని నాకప్పుడే తెలిసింది. ఆ బాకీ నాకు కాకుండా పిల్లికి తీర్చుకుంటోందని కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ ఓపిక లేదు. గిన్నె తీసుకుని లేచాను.

"రేపటి సంది నేనే పోస్త. గీడ గాదు, బయట మెట్ల కింద. నువ్వు కిటికీ తెరువకు."

మెట్ల కింద అట్టపెట్టెలో పాత చీర పరిచి, పక్కనే గిన్నె పెట్టాను. తొమ్మిదో రోజుకు పిల్లి తన పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకుని అక్కడికి మార్చుకుంది. సజ్జంతా రెండుసార్లు వెతికి, ఏదీ మిగల్లేదని చూసుకున్నాక వీరేందర్ అన్ని కిటికీలకూ సన్న తీగల జాలీ కొట్టాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం, బయట పాలు పోసి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. వంటింట్లో చప్పుడైంది. అత్తమ్మ ఎవరి సాయం లేకుండా అక్కడిదాకా నడిచిందన్నమాట. కంచంలో వేడన్నం, బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"తిను బిడ్డా" అంది. "జర ఆలిశమైంది."