మంచిగనే ఉన్నది

గౌసియా బేగం నోట ఇరవై ఆరేళ్లుగా ఒకటే మాట. భర్త లియాఖత్ అలీ ఏం తెచ్చినా, ఏం చేసిపెట్టినా "మంచిగనే ఉన్నది" అంటుంది. మంచిగున్నది అనదు. మంచిగ లేదు అని అసలే అనదు. నడుమ ఆ 'నే' ఒకటి దూరుస్తుంది. అన్నం మంచిగుంది అన్న మనిషి ఇంకో ముద్ద అడుగుతాడు, మంచిగనే ఉంది అన్న మనిషి చెయ్యి కడుక్కోవడానికి లేస్తాడు. ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా!

లియాఖత్‌కు మాత్రం చెప్పాల్సి వచ్చింది. ఎన్నడో ఒక రంజానుకు ఆమెకు చెప్పులు తెచ్చాడు. మంచిగనే ఉన్నయ్ అని రెండేళ్లు తొడిగింది. అవి అరిగిపోయాక గానీ ఆమె మడమ మీద కాసిన కాయ ఆయన కంటపడలేదు. "చిన్నగైనయని చెప్పొద్దా?" అంటే, "ముచ్చటపడి తెస్తిరి గద" అంది. ఆ రోజు నుంచి ఆ 'నే' వింటే చాలు, చెప్పుల్లో రాయి పడినట్టు ఉంటుంది ఆయనకు.

అలాంటి మనిషి మొన్న శుక్రవారం రొట్టెలు చేస్తూ, పీట మీంచి తల ఎత్తకుండా, "నాకో గిటారు కావాలె" అంది.

లియాఖత్ చేతిలో చాయ్ చేతిలోనే ఉండిపోయింది. గిటారు సంగతి కాదు, 'కావాలె' అన్నందుకు. ఆమె నోట ఆ మాట విన్న గుర్తు లేదు ఆయనకు.

గిటారు సంగతి ఆయనకు కొంత తెలుసు. గౌసియా మట్టెవాడలో ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు టీచరు. తోటి టీచరు సౌమ్య ఏడాదిపాటు అన్నం గంటలో ఆమెకు గిటారు నేర్పింది. మొన్న పెళ్లి చేసుకుని కరీంనగర్ వెళ్తూ తన గిటారు తీసుకుపోయింది. అప్పటి నుంచి గౌసియా ఎడమచేతి వేళ్లు ఊరుకోవడం లేదు. చీపురు కట్ట పట్టుకున్నా, అట్లకాడ పట్టుకున్నా లేని తీగలేవో నొక్కుతూ ఉంటాయి. పక్కింటి వరలక్ష్మి చూసి, మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నవ్వింది కూడా. లియాఖత్ వడ్రంగి. "మాను వంగకపోతే నేను కుర్చీలు ఎట్ల చేస్తాన చెల్లె?" అని అక్కడికక్కడే బదులిచ్చాడు.

ఇచ్చాడు గానీ లోపల బెంగ ఉంది. ఈమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. నప్పని గిటారు తెచ్చాడా, మంచిగనే ఉన్నది అంటుంది, నాలుగు రోజులు వాయిస్తుంది, తర్వాత అది అల్మారా మీదికి ఎక్కుతుంది. ఆ వేళ్లు ఊరుకుంటాయి. అదే ఆయనకు భయం.

ఆదివారం పొద్దున ఇద్దరూ స్కూటీ మీద హనుమకొండ చౌరస్తాకు వచ్చారు. రాజేశ్వర్ రావు దుకాణం అక్కడే. ఒకప్పుడు హార్మోనియాలు, తబలాలే అమ్మేవాడు, ఇప్పుడు సగం గోడ గిటార్లే. ఆ గోడకున్న ర్యాకులు చేసింది లియాఖతే.

"రాండ్రి భాయ్, రాండ్రి. టీచరమ్మా, ఎసొంటిది కావాలె?"

"నడిమి రకం" అంది గౌసియా. "మరీ చవకది వద్దు, చెవులు ఖరాబైతయ్. మరీ ఖరీదుది వద్దు, నేనేం స్టేజీలెక్కుతనా?"

రావు కాసేపు వెతికి రెండు దించి బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, లేత పసుపు రంగు, నిండు పొట్ట. ఇంకోటి చిన్నది, నడుము సన్నం.

"రెండిటి ధరా ఒక్కటే. దీంట్ల పైసలు కర్రకు పోయినయ్, దాంట్ల పైసలు పనితనానికి పోయినయ్. నడిమి రకంల రెండూ దొరకయ్ టీచరమ్మా, ఏదో ఒకటే."

కర్ర అన్న మాట చెవిన పడగానే లియాఖత్ ముందుకు జరిగాడు. ఫోన్ లైటు వేసి పెద్దదాని పొట్టలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచు చూశాడు. పైన కనిపించే గీతలు అంచు దాకా వచ్చి, అలాగే లోపలికి దిగాయి. పొరల్లేవు. వేలితో కొట్టి చూశాడు. "సాలిడ్. ఒకటే పలక" అన్నాడు, సొంత బిడ్డను మెచ్చుకున్నట్టు. చిన్నదాని అంచు చూశాడు. ముఖం మాడింది. "మూడు పొరలు. ప్లైవుడ్!"

పప్పులో బల్లి కనిపించినా అంత ముఖం పెట్టడు. ఊరందరి ఇళ్లకూ ప్లైవుడ్ కొడతాడు గానీ తన గుమ్మం దాటి లోపలికి రానివ్వడు. ఆ విషయంలో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఇది వాయించు" అని పెద్దదాన్ని ఆమె ఒళ్లో పెట్టాడు.

గౌసియా పొట్టి మనిషి. గిటారు మీదుగా చెయ్యి వెయ్యాలంటే భుజం చెవి దాకా లేచింది. నాలుగు తీగలు మీటింది. దుకాణమంతా మోగింది. లియాఖత్ కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. నిజంగానే అద్భుతమైన కర్ర.

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

'నే' ఆయన చెవిన పడింది. పడలేదని చెప్తే అబద్ధం. అయినా కర్ర మీది ప్రేమ చెవి కన్నా ముందు నోటిని పట్టుకుంది. "ఇగ ప్యాక్ చెయ్ రావు సాబ్" అనేశాడు.

రావు కదలలేదు. గౌసియా చేతులనే చూస్తున్నాడు. "ఒక్క నిమిషం భాయ్. నాకెందుకో యాక్షన్ జర ఎక్కువున్నట్టు కొడ్తాంది."

లియాఖత్ గిర్రున ఆయన వైపు తిరిగాడు. "ఏమంటివి?"

"యాక్షన్ ఎక్కువున్నది అంటాన."

"రావు సాబ్, మాట జర చూసుకొని మాట్లాడు! ఇరవై ఆరేండ్ల నుంచి చూస్తాన, ఈమె అంత సాదా మనిషి వరంగల్‌ల లేదు. బడిపిల్లల ముంగట పాట పాడనీకె సిగ్గుపడ్తది. ఈమెకు యాక్షన్ ఎక్కువనా? నీ ర్యాకులు చేసినప్పుడు ఇసొంటి మాట అంటె చేతిల ఉన్న రందా నీ బల్ల మీదనే పారేసి పోతుంటి!"

గౌసియా గిటారు మీద తల వాల్చి నవ్వుతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దుపట్టా కొంగుతో కళ్లు తుడుచుకుని, "నాకు కాదు తౌసీఫ్ అబ్బా, గిటారుకు" అంది, ఎప్పటిలాగే కొడుకు పేరు పెట్టి పిలుస్తూ. "తీగకూ కింది పట్టీకీ నడుమ సందు ఉంటది చూడుండ్రి, దాన్ని యాక్షన్ అంటరు. సందు ఎక్కువుంటె గట్టిగ నొక్కాలె."

లియాఖత్ కోపం దిగింది గానీ సిగ్గు దిగలేదు. వంగి సందు చూశాడు. తలుపుకూ చౌకట్‌కూ నడుమ వెంట్రుకవాసి తేడాను కూడా పట్టే కన్ను అది. అంత సందున్న తీగలు నొక్కిన చెయ్యి ఎలా ఉంటుందో అప్పుడు తోచింది. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని తిప్పాడు. నాలుగు వేళ్ల కొసల మీదా ఎర్రటి గాట్లు. ఆ చెప్పులు, మడమ మీది కాయ గుర్తొచ్చాయి ఆయనకు.

"సందు అరగదీసి తగ్గియ్యొచ్చు" అన్నాడు రావు మెల్లగా. "గని పొట్ట తగ్గియ్యలేం గద. ఆమె చెయ్యి అందుతలేదు భాయ్."

లియాఖత్ ఆమె ఎదురుగా స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"గౌసియా, 'నే' తీసేసి చెప్పు."

"ఏంది?"

"మంచిగనే ఉన్నది అంటివి గద. దాంట్ల 'నే' తీసేసి చెప్పు. అబద్ధమాడకు."

ఆమె చాలాసేపు గిటారు అంచు మీద వేలు రాస్తూ కూర్చుంది. "మీకు ఆ కర్ర ముచ్చటైంది."

"కర్ర నా ముచ్చట. గిటారు నీది."

"మంచిగ లేదు" అంది గౌసియా.

అని తనే ఉలిక్కిపడింది. ఏదో పగలగొట్టినట్టు ఆయన ముఖంలోకి చూసింది. లియాఖత్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పెద్దదాన్ని తనే తీసి పక్కన పెట్టి, ఆ మూడు పొరల ప్లైవుడ్‌ను రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాడు.

అది ఆమె ఒళ్లో చంటిపిల్లలాగా ఒదిగింది. భుజం కిందికి దిగింది. బడిపిల్లల పుస్తకంలోని వానపాట ఒకటి మొదలుపెట్టింది, మొదట తీగల మీద, తర్వాత గొంతు కలిపి. దుకాణంలో మగవాళ్లిద్దరు ఉన్నారన్న సంగతే మరిచింది. ఇంట్లో ఆమె పాడగా ఆయన ఎన్నడూ వినలేదు. శబ్దం పెద్దదానంత రాలేదని ఆయన చెవికి తెలుస్తూనే ఉంది. ఆ సంగతి ఆయన ఎన్నటికీ చెప్పడు.

"గిది మంచిగున్నది" అంది గౌసియా, అడగకముందే.

"ప్లైవుడ్ కదా భాయ్, ఫికర్ లేదా?" అని రావు పొడిచాడు. "ఈ ర్యాకులకు ప్లైవుడ్ మస్తు చాలు అన్నది నువ్వే."

"నా నోరు అప్పటి నుంచే మంచిది కాదు. ప్యాక్ చెయ్ సాబ్."

గిటారు సంచి వీపుకు తగిలించుకుని ఆమె వెనక కూర్చుంది. ములుగు రోడ్డు ఎక్కారు. వెనక నుంచి గౌసియా మొదలుపెట్టింది.

"ఆ ఆకుపచ్చ చీర కూడ మంచిగ లేకుండె."

"ఏది, తౌసీఫ్ పుట్టినప్పటిదా?"

"అదే. టేబుల్ ఫ్యాను మస్తు చప్పుడు చేసేది. మీరు చేసిన వంటింటి స్టూల్ ఉన్నది గద, దానికి యాక్షన్ ఎక్కువ. కూసుంటె కాళ్లు నేలకు అందయ్."

"ఎన్నేండ్ల సంది?"

"తొమ్మిదేండ్లు."

"ఇయ్యాల్నే కోస్త. ఇంకేమున్నయ్?"

ఇంకా చాలా ఉన్నాయి. కట్ట తెగిన చెరువులాగా ఒకటొకటే చెప్పుకుంటూ వచ్చింది. లియాఖత్ ప్రతిదానికీ ఊఁ కొడుతూ బండి నడిపాడు. ఇన్ని తప్పులు ఒకేసారి విని ఇంత సంతోషపడిన మగవాడు ఆ రోడ్డు మీద ఇంకొకడు ఉండడు. పెద్ద దవాఖాన సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడి ఆగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మరి నేను?"

"మీరా?" గౌసియా కొంచెం ఆలోచించింది. "మంచిగనే ఉన్నరు."

పచ్చ లైటు పడింది. వెనక ఆటో హారన్ కొట్టింది, దాని వెనక బస్సు కొట్టింది. లియాఖత్ రెండు కాళ్లూ నేల మీద ఆనించి అలాగే కూర్చున్నాడు.

"'నే' తీసేదాక బండి కదలదు."

"అయ్యో, అందరు చూస్తాండ్రు!"

"చూడనీ."

బస్సు మళ్లీ మోగింది. బడిపిల్లల ముందు పాడడానికి సిగ్గుపడే మనిషి, ఆ హారన్లన్నిటికీ పైన వినబడేలా అరిచింది.

"మంచిగున్నరు! ఇగ నడువుండ్రి!"