అయిపోయిందని చెప్పేవాడు

ప్రేమ్‌కుమార్ జీపు ఛాసీకి ఈ చివరి నుంచి ఆ చివరికి నైలాన్ దారం బిగించి కట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

"మీరే సూడండి" అన్నాడు.

దారం తిన్నగా ఉంది. దాని కిందున్న ఇనప కమ్మి మాత్రం అతుకు వేసిన చోటి నుంచి పక్కకి ఒరిగిపోయింది. ధనుంజయ్ వంగి ఒక కన్ను మూసి చూశాడు. అటువైపు వెళ్లి మళ్లీ చూశాడు. ఎటునుంచి చూసినా అంతే.

"ఇంకోసారి కోసి అతికితే?"

"రొండుసార్లు కోసినాను గదండీ. వేడికి ఇనుము సత్తువంతా పోయినాది. మీరు బతిమాలితే మళ్లీ అతుకుతాను. కానీ దీని మీద మనుసుల్ని ఎక్కించి ఇసకలో తిప్పితే ఏదో ఓనాడు అతుకుకాడ ఇరిగిపోతాది. ఆ పాపం నాకొద్దు." ప్రేమ్‌కుమార్ దారం విప్పి చుట్ట చుట్టుకున్నాడు. టెక్కలిలో అతని వెల్డింగ్ షాపు. ఈ పని కోసం ఎన్నిసార్లు పిలిచినా విసుక్కోకుండా పలాస వచ్చాడు. ఇవాళ మాత్రం టీ తాగమన్నా ఆగకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ధనుంజయ్ షెడ్డులో ఒక్కడే మిగిలాడు. అతని జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక జీడిపిక్కల బస్తాలు వేసుకునే షెడ్డు అది. బస్తాలన్నీ ఒక మూలకి నెట్టి జీపుకి చోటిచ్చాడు. ఛాసీ కర్రదిమ్మల మీద ఉంది. విప్పేసిన డీజిల్ ఇంజను టార్పాలిన్ కింద ఉంది. టెక్కలిలో చేయించిన రేకు బాడీ గోడకి ఆనించి ఉంది. సముద్రపు గాలికి దాని అంచులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఇది బండి కాదు, ఇక కాబోదు కూడా. ఆ సంగతి తనకి ఎప్పుడో తెలుసని ధనుంజయ్‌కి అనిపించింది. తెలియనిదల్లా దీన్ని బావకి ఎలా చెప్పాలో.

ఈ జీపు ఆలోచన బావదే. ధనుంజయ్ 'అప్ప' అని పిలిచే అక్క ఇందుమతి భర్త రమణమూర్తి. సోంపేట దగ్గర కొబ్బరి, జీడి తోటలున్న రైతు. తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో అతని కొబ్బరితోటని పడుకోబెట్టేసింది. తెల్లారి చూస్తే చెట్టు మీద చెట్టు. ఆ తర్వాత చాలాకాలం రమణమూర్తి తోటవైపే వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని, అరచేతులు తొడలమీద బోర్లించి, వచ్చేపోయే ఆటోల్ని చూస్తుండేవాడు. మొక్కలు మళ్లీ వేశాడు గాని వాటి మీద ఆశ పెట్టుకోలేదు. చిన్నప్పటినుంచీ అతనికి ఇంజన్లంటే పిచ్చి. తోటలో నీటి మోటార్లు తనే విప్పి తనే బిగించుకునేవాడు. ఒకరోజు ఎక్కడో పాత జీపు అమ్మకానికి ఉందని తెలిసి ధనుంజయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు.

"కొబ్బరిసెట్టు కాపుకి రావాలంటే మన సేతుల్లో నేదు. ఇది మన సేతుల్లో ఉన్నాది. ఛాసీ పొడుగు సేద్దాం, పెద్ద టైర్లేద్దాం, వెనక బల్లలేద్దాం. ఇసకలో ఎక్కడికైనా ఎల్లిపోవాల. మీ అప్పని, పిల్లల్ని ఎక్కించుకుని ఇక్కడి నుంచి భావనపాడు దాకా సముద్రం ఒడ్డెంట తీసుకెల్లాల" అన్నాడు.

తుఫాను తర్వాత బావ నోటివెంట ధనుంజయ్ విన్న మొదటి పెద్ద మాట అది. ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిచాయి. రమణమూర్తి పనిచేసేవాడు, ధనుంజయ్ స్పానర్లు అందించేవాడు. ఇంజను దింపి, ముక్కముక్కా డీజిల్‌లో కడిగి గుడ్డమీద పేర్చుకున్నారు. ఛాసీని మధ్యకి కోసిన రోజున ఇద్దరూ మిఠాయి తెచ్చుకుని తిన్నారు.

అది కోసిన కొద్దిరోజులకే రమణమూర్తి కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. రక్తపరీక్ష చేయించారు. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ పరీక్ష కాగితం చేతికొచ్చాక ఎవరూ ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఇప్పుడు వారంలో మూడు రోజులు పలాస వచ్చి డయాలిసిస్ మిషను పక్కన పడుకుంటున్నాడు.

పడుకున్నప్పుడల్లా అడిగేది ఒకటే. "మనోడు ఎంతవరకు ఒచ్చినాడు?"

మనోడంటే జీపు. మొదట్లో ధనుంజయ్ నిజమే చెప్పాడు, అతుకు పడలేదని. ఆ పూట రమణమూర్తి మొహం గోడకి తిప్పేసుకున్నాడు. తర్వాతిసారి, పడిందని చెప్పాడు. ఆ పైన ఆపడం కుదరలేదు. ఇంజను ఎక్కిందన్నాడు. స్టీరింగు బిగించామన్నాడు. ఒకరోజు నందిగాంలో స్నేహితుడి జీపు స్టార్ట్ చేయించి, ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి తెచ్చి వినిపించాడు. రమణమూర్తి ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ పెడితే మళ్లీ విన్నాడు.

ప్రేమ్‌కుమార్ వెళ్లిపోయిన మర్నాడు ధనుంజయ్ నిజం చెప్పేద్దామనే డయాలిసిస్ సెంటరుకి వెళ్లాడు. వరండాలో ఇందుమతి ఎదురైంది. తమ్ముడి మొహం చూసే కనిపెట్టేసింది.

"ఏటి?"

"జీపు ఇంక అవ్వదప్పా. బావకి సెప్పేత్తాను."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని మెట్లదాకా లాక్కెళ్లింది. "నీకేటైనా మతిపోయినాదా? మొన్న మిషను మీదికి రానని మంచం పట్టుకుని కూకున్నాడు. నన్ను ఒగ్గీండి అన్నాడు. ధనుంజయ్ జీపు గురించి ఏటో సెప్తాడంట, పద అంటే లేసినాడు. ఇప్పుడు అదీ నేదని సెప్తే ఏటవుతాదో నీకు తెలుసా?"

"ఎన్నాళ్లని అబద్దమాడతాం అప్పా?"

"నానున్నన్నాళ్లు" అంది ఇందుమతి. ఆ మాట అనేసి, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె చిక్కిపోయి ఉంది. మోచెయ్యి పట్టుకున్నప్పుడు వేళ్లు ఎంత సన్నబడ్డాయో అతనికి తెలిసింది.

ఆ రోజు ధనుంజయ్ సీట్లకి ఆకుపచ్చ రెక్సిన్ కొన్నామని చెప్పాడు.

"ఆకుపచ్చా?" అన్నాడు రమణమూర్తి.

"నీకు నచ్చదా బావా?"

"బాగుంటాది." కాసేపు పైనున్న సీసాలవైపు చూశాడు. "రేపు కాకుండా ఎల్లుండి ఒత్తాను గదా. పెందరాలే బయల్దేరి ముందు షెడ్డుకే ఎల్దాం. సూత్తాను."

ధనుంజయ్ అంత ఎండలో వద్దన్నాడు, షెడ్డులో దుమ్మన్నాడు, డాక్టరు ఒప్పుకోడన్నాడు. రమణమూర్తి అన్నీ వింటూ, "సూత్తాను" అని ఒక్కమాటే మళ్లీ అన్నాడు.

చెప్పిన రోజున కారు షెడ్డు ముందు ఆగింది. ఇందుమతి దిగలేదు. ముందుసీట్లో కూర్చుని ఎదుటి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ధనుంజయ్ బావని భుజం పట్టి దింపాడు. ఒకప్పుడు ఇంజనుని ఒక పక్క ఒంటిచేత్తో ఎత్తిన మనిషి ఇప్పుడు తలుపుదాకా నడవడానికే రెండుచోట్ల ఆగాడు. ఫ్యాక్టరీలో పిక్కలు కాలుతున్న ఘాటు వాసన. రమణమూర్తికి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత లోపలికి చూశాడు.

ధనుంజయ్ తల దించుకున్నాడు. అరుస్తాడనుకున్నాడు, లేకపోతే కూలబడిపోతాడనుకున్నాడు. ఏమీ జరగలేదు. రమణమూర్తి మెల్లిగా ఛాసీ దగ్గరికి వెళ్లి అతుకు మీద బొటనవేలితో తడిమాడు. కమ్మి వెంట చూపు పోనిచ్చాడు. బస్తా మీద కూర్చున్నాడు.

"ఇంజను ఎక్కలేదని నాకు తెలుసురా" అన్నాడు.

"బావా..."

"మనం పెట్టాలనుకున్నది డీజిలింజను. నువ్వు ఇనిపించింది పెట్రోలు బండి."

ధనుంజయ్ తలెత్తాడు. "మరి అప్పుడే ఎందుకు అననేదు? మళ్లీ పెట్టమన్నావు గదా."

"ఏటనమంటావు? ఎక్కడికో ఎల్లి, అంత కట్టపడి తెచ్చినావు. ఇనాలనిపించింది."

ధనుంజయ్‌కి ఎక్కడలేని తొందర వచ్చింది. బావ ముందు మోకాళ్ల మీద కూర్చుని గబగబా చెప్పడం మొదలెట్టాడు. వేరే ఛాసీ తెస్తానన్నాడు. విశాఖపట్నంలో వాకబు చేస్తానన్నాడు. ఇంజను బాగానే ఉంది, బాడీ ఉంది, కావాల్సింది ఒక్క ఛాసీయేగా, నువ్వు కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను బిగిస్తానన్నాడు. నిన్నటిదాకా ఈ ఇనుమంతా తీసి ఎక్కడైనా పారేద్దామని చూసిన మనిషి, ఇప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు.

రమణమూర్తి చెయ్యెత్తి ఆపాడు.

"డాట్రు బాగానే ఉన్నావంటాడు. నర్సమ్మ నవ్వుతాది. మీ అప్ప ఒచ్చే ఏటికి ఇది సేద్దాం, అది సేద్దాం అంటాది. నాకు అయిపోయినాదని ఒక్కలూ సెప్పరు. నానడిగితే మాట మార్సేత్తారు. రాత్రంతా నానొక్కన్నే దాన్ని పట్టుకుని పడుకోవాల." ఊపిరి అందక ఆగాడు. "కనీసం ఈ బండి సంగతైనా నిజం సెప్పు. నీ నోటితో సెప్పు."

"బావా, నానెలా..."

"సెప్పు."

ధనుంజయ్ కమ్మి వైపు చూశాడు. బావ అతని మొహంలోకే చూస్తున్నాడు, చాలా ఓపికగా.

"అయిపోయినాది బావా" అన్నాడు చివరికి. "ఇది ఇంక నడవదు. మనం సెయ్యలేం."

రమణమూర్తి తలూపాడు. అతని కళ్లల్లోంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగాయి. తుడుచుకోలేదు. "అద్దీ" అన్నాడు. "తీయించీ. నాను సూడను."

సెంటరుకి వెళ్లాక తనంతట తనే మంచమెక్కి చెయ్యి చాపాడు.

ఆ వారంలోనే పాతినుము కొనేవాళ్లు వచ్చారు. గ్యాసు మంటతో ఛాసీని ముక్కలు చేశారు. రేకు బాడీ కాళ్లతో తొక్కి మడిచారు. ఇంజను వ్యానులోకి ఎక్కిస్తుంటే ధనుంజయ్ వద్దనబోయి ఊరుకున్నాడు. వాళ్లు వెళ్లాక షెడ్డు ఊడ్పించి, పిక్కల బస్తాలు మళ్లీ మధ్యకి వేయించాడు. మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. ఆదివారం వచ్చేసరికి ఎక్కడికి పోవాలో తెలియక మధ్యాహ్నందాకా మంచం మీదే ఉన్నాడు.

ఇందుమతి అతనితో మాట్లాడ్డం మానేసింది. సెంటరులో ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. అయినా ధనుంజయ్ వెళ్లడం మానలేదు. మాట్లాడ్డానికి ఇప్పుడు జీపు లేదు. బావ పక్కన స్టూలు మీద కూర్చుని మిషను చప్పుడు వినేవాడు. రమణమూర్తి ఎక్కువ సేపు కళ్లు మూసుకునే ఉండేవాడు. తెరిచినప్పుడు అడిగేవి మాత్రం వేరుగా ఉండేవి. తనకి ఇంకో ఏడాది గడుస్తుందా? పిల్లల పేర తోట ఎప్పుడు రాయాలి? ఒకసారి నిజం చెప్పాడు గనక ఇక అన్నిటికీ ధనుంజయే చెప్పాలన్నట్టు అడిగేవాడు. ధనుంజయ్ తెలిసినంతవరకు చెప్పేవాడు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒక ఉదయం ఇందుమతి మందులు తేవడానికి బయటికి వెళ్లినప్పుడు రమణమూర్తి అడిగాడు.

"మీ అప్ప నాకు కిడ్నీ ఇత్తానంది. నువ్వే విశాపట్నం తీసుకెల్లినావు, టెస్టులు సేయించినావు. ఒచ్చినకాడినుంచి ఆ మాటే ఎత్తడం నేదు. బయపడినాదనుకున్నాను. ఎందుకురా?"

ధనుంజయ్ స్టూలు మీద బిగుసుకుపోయాడు. విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో అప్ప తన చేత, బావకి చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆమె కిడ్నీలకీ అదే జబ్బు పట్టిందన్నారు. ఇంకా మొదట్లోనే ఉందట. ఇవ్వడం మాట దేవుడెరుగు, ముందు ఆమె జాగ్రత్తపడాలన్నారు. బావకి తెలిస్తే ఆ రోజే ప్రాణం వదిలేస్తాడని ఆమె ఏడ్చింది.

"సెప్పవేటి?" అన్నాడు రమణమూర్తి.

ధనుంజయ్ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేలకేసి చూస్తున్నాడు. రమణమూర్తి అతన్ని చాలాసేపు చూశాడు. మెల్లిమెల్లిగా అతని మొహంలో రంగు పోయింది.

"ఆవిడిక్కూడానా?"

ధనుంజయ్ తల ఊపలేదు, అడ్డంగా తిప్పనూ లేదు. భుజాలు కదిలిపోతుంటే పళ్లు బిగబట్టాడు. మిషనులో నెత్తురు తిరుగుతూనే ఉంది. రమణమూర్తి సూదులు లేని చెయ్యి చాపి బావమరిది తల మీద వేశాడు.

"నాకు తెలిసినాదని అప్పతో అనకు" అన్నాడు. అతని గొంతు మామూలుగానే ఉంది. అదే ధనుంజయ్ భరించలేకపోయాడు. "ఇకనుంచి నాకాడ కూకోకు. ఆవిణ్ణి తీసుకుని డాట్రుకాడికి ఎల్లు. మందులు మింగుతున్నాదో నేదో సూడు. నాకేటున్నాది, పడుకునే ఉంటాను."

ఇందుమతి మందుల సంచీతో లోపలికి వచ్చింది. తమ్ముడి కళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి సెప్పినావు మళ్లీ?" అంది.

"ఏటీ సెప్పనేదు" అన్నాడు రమణమూర్తి. మంచం మీద కొంచెం జరిగి ఆమెకి చోటిచ్చాడు. "రా, కూకో. నిలబడిపోయి ఉంటావు ఎప్పుడూ."

ఆమె కూర్చుంది. ధనుంజయ్ లేచి బయటికి వచ్చాడు. వరండా నిండా తమ వంతు కోసం వచ్చినవాళ్లు బల్లల మీద, నేల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో సగం మంది అతను ముఖాలెరిగినవాళ్లే. ఒకాయన పక్కకి జరిగి అతనికి చోటు చూపించాడు. ధనుంజయ్ వెళ్లి వాళ్ల మధ్యన కూర్చున్నాడు.