తెర మీది గీత

ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ షాకుల మేడమే. నరాల పరీక్ష గది ఆమెది. మణికట్టు దగ్గర చిన్న షాకు ఇస్తే నరం ఆ కబురును బొటనవేలి కండకు మోసుకుపోతుంది, తెర మీద అల లేస్తుంది. వెన్నులో నరకణాలు చచ్చేకొద్దీ కబురు అందదు, అల కుంగిపోతుంది, కండ ఎండిపోతుంది.

రోజూ రోగులు రాకముందే ఆమె మెషీన్‌ను తన చేతి మీద సరిచూసుకునేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తన అల ఎంత ఎత్తు లేచిందో తెర మీద అక్కడ మార్కరుతో గీత గీసింది. అల గీతను తాకకపోతే, తెర మీద అలను పెద్దది చేసి చూపే నాబ్ కాస్త తిప్పి తాకించేది. ఈమధ్య తరచూ తిప్పాల్సి వస్తోంది.

"మెషీన్ ముసలిదైపోయింది, బతిమాలుకోవాలి," అని నర్సులతో నవ్వేది. చేతి మీద అనుమానం రానే లేదు. సొంత చెయ్యి మోసం చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆ రోజుల్లోనే, బట్టలు కుట్టే అక్క వచ్చింది. కత్తెర జారిపోతోందట. అమ్మను తీసుకుపోయిన జబ్బు కూడా బొటనవేలి దగ్గరే మొదలైంది మరి, అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలు పరీక్ష చేసింది. అల చక్కగా గీతను తాకింది.

"నీకేం, రాయిలా ఉన్నావ్. పని ఎగ్గొట్టడానికి సాకులు."

అక్క కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. ఆ ధైర్యంతోనే ఒక బడి మొత్తానికి యూనిఫారాలు కుడతానని ఒప్పుకుంది.

కొన్నాళ్ళకు నాబ్ చివరిదాకా వచ్చేసి ఇక తిరగనని మొండికేసింది. ఆమె మెకానిక్‌ను పిలిపించి చడామడా వాయించింది. అతను తన చేతికే తీగలు అంటించుకుని షాకు ఇచ్చుకున్నాడు. అల గీతను దాటి, తెర పైఅంచూ దాటి పోయింది.

"మెషీన్ బంగారంలా ఉంది మేడమ్. దీన్ని ఇంత పెంచిందెవరు?"

ఆమె అరచెయ్యి చూసుకుంది. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన కండ గుంటపడి ఉంది. అయినా మొదట తలపుకొచ్చింది తన చెయ్యి కాదు, అక్క. ఆ తర్వాత, ఏమీ లేదని పంపేసిన రోగులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

మెకానిక్ చేత నాబ్ పాత చోటికి తిప్పించి, అక్కకు కబురు పెట్టింది. అక్క చొక్కాల మూటతోనే వచ్చి కూర్చుంది. ఈసారి అల సగం దాకా లేచి కూలబడింది.

"అదేంటే, మొన్న బాగానే వచ్చిందిగా?"

"మొన్న తప్పు చూశానక్కా. నా చెయ్యి బాగుందనుకుని, దాంతో కొలిచాను."

అక్క తెర మీంచి చూపు తిప్పి చెల్లెలి చెయ్యి చూసింది.

"అయితే నీ చెయ్యి పెట్టు."

"వద్దులే."

"పెట్టవే."

తీగలు అక్కే అంటించింది, తడబడుతూ. చెల్లెలి అల అక్క అల కన్నా కిందే ఆగిపోయింది.

అక్క ఏడవలేదు. చెల్లెలి చేతిని గట్టిగా పట్టుకుందామని చూసింది గానీ వేళ్ళు బిగుసుకోలేదు.

"అమ్మకు అన్నం తినిపించడానికి మనిద్దరం ఉన్నాం," అంది. "మనకెవరే?"