ఐదోసారి తీయబోయిన తలుపు

పొద్దుటి నుంచి నాలుగుసార్లు ల్యాబ్ టెక్నీషియన్ నమూనాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసింది. లోపల ఆమె తల్లి కాలి పుండు నుంచి తీసిన నమూనా ఉంది. అందులో ఏ క్రిమి పెరుగుతుందో తేలితేగానీ ఏ మందు వేయాలో తెలియదు. అందుకు రెండు రోజులు పడుతుందని ఫలితం కోసం తొందరపెట్టేవాళ్లందరినీ రోజూ కసిరేది ఆమే.

“నీకేం ప్రభువా, తీరిగ్గా ఉన్నావు!” అని పైనున్న దేవుడితో గొణుగుతూ ఐదోసారి తలుపు మీద చెయ్యి వేసింది.

“ఎన్నిసార్లే! వేడంతా పోతే ఇంకా ఆలస్యమవుతుంది” అని వెనక నుంచి సీనియర్ అక్క అరిచింది.

తలుపు మీద ‘ఊరికే తెరవకండి’ అన్న కాగితం కనబడింది. ఆ రాత తనదే.

“సరే తండ్రీ, లోపలి పని నీది. ఈ చేతుల్ని కూడా నువ్వే పట్టుకో” అంటూ రెండు చేతులూ చంకల్లో కుక్కుకుని, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కాలు ఒకటి మాత్రం నేల మీద టకటకా ఆడుతూనే ఉంది.