ఆకుల తలుపు

నేనడిగింది అద్దం. మా అత్తగారికి వినబడింది అద్దె.

అక్షరం తేడాకే మా వీధి వీధంతా అట్టుడికింది. వాకిట్లో కూర్చుని గోధుమపిండి జిగురు కాస్తూ, "అత్తయ్యా, ఈ ఏడు నా గది తలుపుకి కూడా అద్దం పెడతానండీ" అన్నాను. ఆవిడ తల పంకించి కర్ర పట్టుకుని బయటికెళ్ళింది. నాలుగిళ్ళు తిరిగొచ్చేసరికి, మా ఇంటి కోడలు తను పడుకునే గదికి అత్తగారి దగ్గర అద్దె అడిగిందనే వార్త ఆండోంగ్ బస్టాండు దాటిపోయింది. సాయంత్రం మా ఆయన దొక్‌సు గేటు దగ్గరినుంచే అరుచుకుంటూ వచ్చాడు.

"సిగ్గు లేదూ? మా అమ్మ దగ్గరే వసూళ్ళు మొదలెట్టావా?"

"అద్దె కాదండీ మహానుభావా, అద్దం! గాజు ముక్క!"

"గాజు ముక్కా? అదేదో సరిగ్గా ఏడవచ్చుగా" అన్నాడు. ఆ చిక్కు అక్కడితో విడింది. అసలు చిక్కు అక్కడే పడింది.

మా కొరియా పాత ఇళ్ళల్లో తలుపులు చెక్క చట్రానికి కాగితం అంటించినవి. శరత్తు రాగానే వాటిని మడత బందుల్లోంచి ఊడదీసి, వాకిట్లో పడుకోబెట్టి, నీళ్ళు కొట్టి పాత కాగితం ఒలిచి, చట్రం కడిగి, కొత్త కాగితం అంటించాలి. పిడి పక్కన కాగితం త్వరగా చిరుగుతుంది కాబట్టి అక్కడ రెండు పొరలు వేసి, మధ్యలో ఎర్రబడిన మేపుల్ ఆకులో చామంతి రేకులో పెడతాం. చలికాలమంతా ఎండ పడ్డప్పుడల్లా ఆ ఆకులు వెలుగుతాయి. ఇంటి పెద్దల తలుపుకి మాత్రం ఆకులకి బదులు అరచేతంత అద్దం ముక్క పెడతారు. కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా ఆనేలా. తలుపు తియ్యకుండా, పొయ్యి సెగతో కిందినుంచి వేడెక్కే నేలమీంచి లేవకుండా, చలి తగలకుండా, ఎవరొచ్చారో ఎవరు పోయారో చూసుకోవచ్చు. మా అత్తగారి అద్దంలోంచి గేటూ, బావీ, వంటిల్లూ, వంటింట్లోని నేనూ కనిపిస్తాం. తలుపులు కడిగే రోజున నాకు తలపులు కదులుతాయి, ఏం చెయ్యను, అలవాటు.

"నీకెందుకే అద్దం?" అన్నాడు దొక్‌సు. "లోపల కూర్చునేవాళ్ళకి కావాలి బయటేముందో. నువ్వెప్పుడూ బయటే ఉంటావుగా!"

తెలివైన మాట. ఒప్పుకోవాలి. ఎంత తెలివైనదంటే నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు.

"పైగా శనివారం ఆ గదికి అతిథులొస్తున్నారు. సియోల్ వాళ్ళు. పోయినేడు ఫోటోలో ఆ ఆకుల తలుపు చూసి మరీ అడిగారు. ఆకులే పెట్టు."

"ఈసారి నా గది ఇవ్వనండీ" అన్నాను.

"సర్దుకో" అన్నాడు, చెప్పులు విడుస్తూ.

మా ఇంటికి శరత్తు షరతులతో వస్తుంది. ఆకులు చూడ్డానికి జనం ఎగబడే ఆ కొన్ని వారాలూ మా పాత ఇల్లు విడిది ఇల్లవుతుంది. గుమ్మం ముందు ముదిరిన గుమ్మడికాయలు పెద్దదానినుంచి చిన్నదానికి వరసగా పేర్చేది నేను. పెర్సిమన్ పళ్ళు చెక్కు తీసి, దారానికి గుచ్చి, చూరు కింద నారింజరంగు తెరలా వేలాడదీసేది నేను. వెదురు చేటల్లో ఎర్ర మిరపకాయలు ఆరబోసేది, చామంతి కుండీలు మెట్ల పక్కన సర్దేది, రెల్లుపూలు జాడీలో నిలబెట్టేది నేను. అతిథులు ఆహా అంటారు. "అంతా మా అమ్మ చెయ్యి చలవండీ" అంటాడు మా ఆయన. అమ్మ చెయ్యి నిజంగానే చల్లగా ఉంటుంది, నీళ్ళలో పెట్టి చాలా కాలమైంది. నా గురించి అడిగితే గుమ్మడికాయలకేసి చూపించి, "గీతలు గీస్తే గుమ్మడికాయ పుచ్చకాయవుతుందా?" అని నవ్విస్తాడు. పెళ్ళిలో నేను పౌడరు రాసుకున్నప్పటి జోకు అది. మా ఊళ్ళో గుమ్మడికాయ అంటే అందంలేని ఆడది. పెళ్ళప్పుడు మాత్రం "గుమ్మడి తీగతో సహా ఇంట్లోకి దొర్లుకొచ్చింది" అని, అంటే అడక్కుండానే అదృష్టం వచ్చిపడిందని, మా అత్తగారు మురిసిపోయింది. తీగంతా పీకి చాకిరీకి కట్టాక కాయ మొహం చూడటం మొదలెట్టారు.

ఇల్లంతటిలో పడమటి గది నాది. నాది గనక దాన్ని కాస్త ఇష్టంగా చూసుకుంటాను. ఇష్టంగా చూసుకున్నాను గనక అదే అందరికీ నచ్చుతుంది. అందరికీ నచ్చింది గనక దానికి 'చామంతి గది' అని బోర్డు వేలాడదీసి, ముందుగా దాన్నే ఇచ్చేస్తాడు మా ఆయన. అప్పుడు నేను వంటింటి వెనక కొట్టుగదికి. అంటే, ఎంత బాగా అలంకరిస్తే అంత తొందరగా నన్ను నేనే వెళ్ళగొట్టుకుంటున్నానన్నమాట. సర్దమంటే సర్దాను, సర్దుకోమంటే సర్దుకున్నాను. ఒక్క 'కో' తేడాతో నా సంసారం గడిచిపోయింది.

మర్నాడు మా ఆయన వంశంవాళ్ళతో కలిసి పెద్దల సమాధుల దగ్గర కార్యానికి వెళ్ళాడు, శనివారం మధ్యాహ్నానికిగానీ రాడు. తలుపులన్నీ ఊడదీసి కడిగాను. అద్దం ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టుకోవాలి గదా అని, కాగితం లేని చట్రాన్ని నా గది ద్వారానికి తగిలించి, పెన్సిలు పట్టుకుని లోపలికెళ్ళి కూర్చున్నాను. కూర్చుంటే నా కన్ను ఎంత ఎత్తున ఉంటుందో నాకు తెలియదు. ఈ గదిలో నేను పడుకోవడం ఉంది, లేవడం ఉంది. కూర్చోవడం ఎప్పుడూ జరగలేదు.

"ఏమేవ్! ఎక్కడ చచ్చావ్?" అత్తగారి గదిలోంచి కేక.

"కూర్చున్నానండీ అత్తయ్యా!"

"ఏం? నడుం పట్టేసిందా?"

"లేదండీ! ఊరికే!"

"ఊరికేనా?" ఆవిడ గొంతులో నిజంగానే కంగారు. "జ్వరమొచ్చిందేమో చూసుకో!"

నవ్వొచ్చింది. నవ్వుతూ చట్రం గళ్ళలోంచి బయటికి చూశాను, నవ్వు ఆగిపోయింది. చూరుకి వేలాడుతున్న పళ్ళ వరస సరిగ్గా పై గడిలో అమిరింది. దాని కింద గుమ్మడికాయలు, పక్కన చామంతులు, వెనక గోడమీదికి వంగిన ఎర్ర కొమ్మ. వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడితే అదంతా పని. ఇక్కడ కూర్చుంటే బొమ్మ. ఎంత అందంగా సర్దిందమ్మా, ఎవరో గానీ, అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నాకు తెలియకుండానే, ఈ చోట కూర్చునే మనిషి కంటికోసం ఈ ఇల్లు ముస్తాబు చేస్తున్నాను. ఆ మనిషి ఏనాడూ నేను కాదు. ఆ మాట అనుకోగానే కన్నీళ్ళు రావాలి, కథల్లో వస్తాయి. నాకు కోపం వచ్చింది. కోపం వెనకాలే ఒక పాత ఉపన్యాసం గుర్తొచ్చింది.

అతిథులు రాగానే మా ఆయన ఇచ్చేదే అది. "మన పూర్వులు ముందు గది ఎందుకు కట్టారనుకున్నారు? అతిథుల కోసం! వచ్చినవారికి ముందు గది, ఆడవాళ్ళకి లోపలి గది. అదీ మా వంశ మర్యాద!" అది చెప్పి అతిథుల్ని నా గదికి పంపి, తను సొంతం చేసుకున్న ఆ ముందు గదిలోకి పోయి టీవీలో బాదుక్ పెట్టుకుని పడుకుంటాడు. ఇద్దరు మగవాళ్ళు మాట్లాడకుండా రాళ్ళు పేర్చే ఆట. పేరు బాదుకేగానీ అందులో ఎవరూ ఎవరినీ బాదరు, అదొక్కటే నా అసంతృప్తి.

పెన్సిలుతో గుర్తు గీశాను. కంటి ఎత్తుకి సరిగ్గా.

మా తలుపులన్నీ ఒకే కొలత. ఒకదానికి అద్దం పెట్టి నా గదికి బిగించాను. రెండోదానికి నా దగ్గరున్న అతి మంచి ఆకులన్నీ ఏరి, చామంతి రేకులతో కలిపి పెట్టాను. నోట్లో నీళ్ళు పోసుకుని తుంపర కొట్టి ఎండలో ఆరబెడితే కాగితం డోలులా బిగిసింది. దాన్ని తీసుకెళ్ళి ముందు గదికి తగిలించాను. 'చామంతి గది' బోర్డు కూడా అక్కడికే మార్చాను. బట్టలపెట్టె, పరుపులు, బాదుక్ రాళ్ళు వేటినీ ముట్టుకోలేదు. అవి ఆయన సర్దుకోవలసినవి.

శనివారం మధ్యాహ్నం దొక్‌సు బియ్యపు సారా ఘుమఘుమలతో దిగాడు. తలుపు చూసి మురిసిపోయాడు.

"ఓహో! ఈసారి మనకీ పెట్టావన్నమాట ఆకులు! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"ఈ ఏడు నా గది ఇవ్వడం లేదని చెప్పానండీ. గుర్తుందా?"

"ఆ, ఆ, సర్దుకో" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

నేను నా గదిలోకెళ్ళి కూర్చున్నాను. అతిథులు వచ్చారు, అక్కాచెల్లెళ్ళు, రిటైరైన టీచర్లు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. చెల్లెలు ఫోనులో ఫోటో చూసింది, తలుపు చూసింది, బోర్డు చదివింది. "ఇదేనక్కా!" అని లాగింది.

"బాబోయ్! మా గదిలో ఎవరో మగమనిషి! లాగుల్లో!"

"ఎవరమ్మా మీరు? ఇది నా గది!"

"నీ గదేమిటయ్యా? చామంతి గది అని రాసుంటే! ముందు దుప్పటి కప్పుకో!"

మా అత్తగారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. పక్కింటివాళ్ళు గోడమీంచి తలలు పెట్టారు. దుప్పట్లో దొక్‌సు తలుపుకేసీ బోర్డుకేసీ నాకేసీ మార్చి మార్చి చూశాడు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నాది మామూలుగానే పెద్ద గొంతు, దాన్ని ఇంకాస్త పెంచాను.

"ఆగండాగండి, నేను చెప్తాను! టీచరుగార్లూ, మీ తప్పేం లేదు, మీరు సరైన గదే తీశారు. ఈయన తప్పూ లేదు. ముందు గది అతిథులదని ఈయనే వెయ్యిసార్లు చెప్పారు, నేనే ఇన్నాళ్ళకి వినిపించుకున్నాను. చామంతి గది ఇకమీదట ఇదే. ఆ పడమటి గదిలో నేనుంటున్నాను. అది శరత్తులోనూ ఇవ్వను, ఇంకెప్పుడూ ఇవ్వను. దాని తలుపు నేను చేసుకున్నాను, దాంట్లో నేను కూర్చుంటాను."

"మరి నేనెక్కడ పడుకోను?" అన్నాడు దొక్‌సు.

"కొట్టుగదిలో పరుపు వేశానండీ."

"కొట్టుగదిలోనా!" మా అత్తగారు గుండె పట్టుకుంది. "ఒసేయ్, ఆ గదిలో నేల వేడెక్కదుగదే! చలికి మనిషి బిగుసుకుపోడూ?"

వాకిలంతా నాకేసి చూసింది. అందరికీ అర్థమయ్యేలా, ఈసారి నెమ్మదిగా చెప్పాను.

"వేడెక్కదత్తయ్యా. ఇన్నేళ్ళూ అక్కడ పడుకున్నది నేనే."