ఆ మలుపు దాకా

నాగలక్ష్మమ్మ ఊరికి పోయొస్తానని అడిగినప్పుడు ఆమె భర్త రామదాసు మగ్గం గుంట గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. ముందురోజే చీర కోసిచ్చారు. కొత్త పడుగు ఇంకా రాలేదు.

"యాడికి?" అన్నాడు.

"శింగనమలకు. ఆడినుంచి బెళుగుప్పకు. మేరాజ్ వాళ్ళ వ్యాన్లో."

"పెండ్లా?"

"కాదు."

"ఎవరన్నా పోయినారా?"

"అదీ కాదు. సుబ్బిని, నరసిని చూసొస్తా."

రామదాసు బీడీ నోట్లోంచి తీశాడు. "ఊరికే చూసేదానికా?"

"ఊరికే."

అతను కాదనలేదు. అర్థం కాలేదంతే. ధర్మవరంలో ఆ వీధి ఆడవాళ్ళు పుట్టింటికి పోతారు, పెళ్ళిళ్ళకు పోతారు, దినాలకు పోతారు, కదిరి తేరుకు పోతారు. స్నేహితురాలిని చూడటానికని బయల్దేరిన మనిషిని అతను అంతవరకు ఎరగడు.

సుబ్బలక్ష్మమ్మ, లక్ష్మీనరసమ్మ, నాగలక్ష్మమ్మ ఒకే వీధిలో పుట్టినవాళ్ళు. పెళ్ళిళ్ళు కాకముందు ఒకే పంచలో రాట్నాలు పక్కపక్కన పెట్టుకుని కూలికి పట్టు కండెలు చుట్టేవాళ్ళు. సుబ్బిని శింగనమలకిచ్చారు, నరసిని బెళుగుప్పకిచ్చారు. నాగలక్ష్మమ్మకు మాత్రం ఆ వీధిలోనే సంబంధం కుదిరింది. మొదట్లో పండగలకు కలుసుకునేవాళ్ళు. తల్లిదండ్రులు పోయాక ఆ ఇద్దరికీ ధర్మవరం వచ్చే పని లేకుండా పోయింది. ఇరవై ఏళ్ళు దాటింది.

ఎనభై నాలుగులో నాగలక్ష్మమ్మ కూతురు పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి పంచలో ఒక్కతే రాట్నం తిప్పుతూ, ఏదో చెప్పబోయి పక్కకు తిరిగేది. పక్కన గోడ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. కూతురి కోసం అనుకుంది మొదట. ఒకరోజు అట్లా తిరిగినప్పుడు నోటికి వచ్చిన పేరు కూతురిది కాదు, నరసిది.

ఎదురింటి మేరాజ్ బీకి ఆ సంగతి చెబితే ఆమె నవ్వలేదు. ఆమె భర్త హజరత్ వలికి మెటడోర్ వ్యాను ఉంది. "వచ్చే వారం మా ఆయన శింగనమలకు తట్టలు, పారలు ఏసుకపోతాడు. ఆడినుంచి ఉరవకొండకు పైపులు. వచ్చేటప్పుడు కళ్యాణదుర్గంలో చింతపండు ఎత్తుకోవల్ల. బెళుగుప్ప దారిలోనే ఉండాది. నేనూ వస్తా. ఈ బండి యాడెక్కడ తిరుగుతాదో నేనింతవరకు చూసిందే లే" అంది.

తెల్లవారుజామునే బయల్దేరారు. ముందు సీట్లో హజరత్ వలి పక్కన మేరాజ్ బీ, కిటికీ దగ్గర నాగలక్ష్మమ్మ. బత్తలపల్లి దాటేసరికి ఎండ ఎక్కింది. రోడ్డుకు రెండు పక్కలా దున్ని వదిలేసిన ఎర్రచేన్లు. ఎక్కడో ఒక సుడిగాలి లేచి, ఎండుటాకులను ఎత్తుకుని, కాసేపు వ్యానుతో పాటు నడిచి కూలిపోయేది.

శింగనమల చెరువులో చుక్క నీరు లేదు. కరువు పనుల కింద పూడిక తీస్తున్నారు. సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో లేదు, చెరువులోనే ఉందని చెప్పారు. హజరత్ వలి తెచ్చిన తట్టలు కూడా అక్కడికే కాబట్టి వ్యాను నేరుగా కట్ట దగ్గరికి పోయింది.

మట్టి తట్టలు మోస్తున్న వరసలో సుబ్బిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఇంకా అట్లాగే ఒక భుజం పైకెత్తి నడుస్తోంది.

"నాగీ" అంది సుబ్బి తట్ట దించకుండానే. తర్వాత దించింది. మట్టి చేతులతో నాగలక్ష్మమ్మ రెండు చెంపలూ పట్టుకుంది. "ఏమే, ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలే. నిన్ను చూద్దామని వస్తి."

"నన్నా?" సుబ్బి పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నన్ను చూసేదానికి వచ్చిందంట మే. ధర్మవరం నుంచి."

కట్ట నీడలో కూర్చుని తన సద్దిలోని సంగటి ముద్ద విరిచి ముగ్గురికీ పెట్టింది. చల్లటి నీళ్ళు ఇచ్చింది. కొడుకు సంగతి, తన మోకాళ్ళ సంగతి చెబుతుండగానే మేస్త్రి కేకేశాడు. లేస్తూ, "నరసి దగ్గరికి పోతాండారా? పోండి. నన్ను కూడా తీస్కపోతే బాగుండు" అంది. వ్యాను కదిలేదాకా తట్ట నెత్తికెత్తుకోలేదు.

అనంతపురం, ఉరవకొండ దాటి బెళుగుప్ప చేరేసరికి మధ్యాహ్నమైంది. రేకులు కాగి వ్యాను లోపల పొయ్యిలా ఉంది. నాగలక్ష్మమ్మ దారి పొడవునా చెప్పవలసిన మాటలు పేర్చుకుంటూనే ఉంది.

నరసమ్మ తలుపు తీసింది. జుట్టు ముందు భాగం నెరిసింది. ఒక్క క్షణం ఆమె ముఖం మారింది. వెంటనే సర్దుకుని, "రాండి, కూర్చోండి" అంది.

నాగలక్ష్మమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. ఎప్పుడూ "మే నాగీ" అని పిలిచిన మనిషి.

లోపల మంచం మీద అత్త కూర్చుని ఉంది. "ఎవరు వీళ్ళు?"

"మా ఊరోళ్ళు అత్తా."

"ఏం పని మీద వచ్చినారు?"

"ఊరికే" అంది నాగలక్ష్మమ్మ.

అత్త మళ్ళీ అడిగింది. "పిల్ల సంబంధమేమన్నా ఉండాదా?"

"లేదమ్మా. చూసిపోదామని."

నరసమ్మ చెంబులో మజ్జిగ తెచ్చిచ్చింది. వానలు పడతాయా లేదా అని, బోర్లు ఎండిపోయాయని అత్తే మాట్లాడింది. నరసమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. సుబ్బి అడిగిందని చెబితే తల ఊపింది. రాకుండా ఉండవలసింది అనుకుంది నాగలక్ష్మమ్మ. చెంబు కింద పెట్టి, "పోయొస్తాం" అని లేచింది.

బొట్టు పెట్టి నరసమ్మ వ్యాను దాకా వచ్చింది. కిటికీ మీద చెయ్యి వేసి, లోపలికి చూస్తూ, "ముందర కూర్చుంటే గాలి బాగా తగులుతాదా?" అని అడిగింది.

మేరాజ్ బీ జరిగింది. "ఎక్కి సూడక్కా."

నరసమ్మ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. కొంగు బిగించుకుని ఎక్కింది. "ఊరి బయట దాకా వస్తా. ఆడ దింపేయండి."

వ్యాను ఇళ్ళు దాటింది. నరసమ్మ, నాగలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది. "కోపమొచ్చిందా మే? మా అత్త ముందర నేనెట్ల నవ్వేది? నేను నవ్వంగ ఆయమ్మ ఇంతవరకు చూసిందే లే."

"మరి ఎప్పుడు నవ్వుతావు?"

"నువ్వు రావల్ల కదా" అంది, ఆపైన ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అంత తేలిగ్గా ఆగలేదు.

ఊరి బయట హజరత్ వలి ఆపాడు. "ఈడ దిగుతావా అక్కా?"

"ఆ గుట్ట దాకా పోనీ నాయనా."

గుట్ట దగ్గర ఇంకొంచెం అంది. మాట్లాడుతూనే ఉంది. "మగ్గాలు ఇంకా తెల్లారకముందే మొదలైతాయా? ఈడ ఒక్క మగ్గం లేదు నాగీ. వచ్చిన కొత్తలో ఆ సప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. పక్కింట్లో రోకలి దంచుతాంటే లేచి కూర్చునేదాన్ని. నువ్వు పోగు తెగినప్పుడల్లా తిట్టేదానివి, ఆ తిట్లు ఎవరికైనా సెప్దామంటే ఈడ ఎవరికీ అర్థం గావు."

రెండు తంగేడు పొదల మధ్య రోడ్డు వంపు తిరిగేచోట ఆగమంది. ఆగాక మాత్రం దిగలేదు.

"వచ్చెయ్ నరసీ" అంది నాగలక్ష్మమ్మ. "నాలుగు దినాలుండి పోదువు. ఎవరేమంటారు?"

నరసమ్మ ఎదురుగా రోడ్డును చూస్తూ కూర్చుంది. ఇంజను నడుస్తూనే ఉంది. హజరత్ వలి దాన్ని ఆపలేదు, బండి కదిలించలేదు. ఆమె నిజంగానే వచ్చేస్తుందని నాగలక్ష్మమ్మకు అనిపించింది. అప్పటికే తను మనసులో పంచ ఊడ్చి ఇంకో రాట్నం వేసింది.

"బర్రెకు నీళ్ళు పెట్టలేదు మే" అంది నరసమ్మ చివరికి.

కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్ప వైపు వచ్చే బస్సు దుమ్ములో కనిపించింది. హజరత్ వలి దిగి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నరసమ్మ దిగి, పరుగులాంటి నడకతో పోయి బస్సెక్కింది. కిటికీలు జనంతో నిండి ఉన్నాయి. ఏ కిటికీలో ఉందో నాగలక్ష్మమ్మకు కనిపించలేదు. అన్ని కిటికీలకూ చెయ్యి ఊపింది.

వ్యాను కదిలాక మేరాజ్ బీ కొంగుతో నాగలక్ష్మమ్మ ముఖం తుడిచింది. "దుమ్ము" అంది.

ఆ రాత్రికి కళ్యాణదుర్గంలో హజరత్ వలి చిన్నమ్మ ఇంట్లో ఉండి, మరుసటిరోజు చింతపండు బస్తాలతో ధర్మవరం చేరారు. రామదాసు కొత్త పడుగు అతుకుతున్నాడు.

"చూసొచ్చినావా?"

"ఆ."

"ఏం మాట్లాడుకుంటిరి అంత దూరం పోయి?"

ఆమె ఆలోచించింది. "ఏమీ లే. నరసి వ్యానెక్కింది" అంది.

అతను తల ఊపి పోగులు కలుపుకోసాగాడు. తల ఎత్తకుండానే, "వలి మళ్ళా ఎప్పుడు పోతాడు ఆ పక్కకు?" అని అడిగాడు.

"వచ్చే ఎండాకాలం."

నాగలక్ష్మమ్మ కాళ్ళు కడుక్కుని పంచలోకి పోయింది. ఇంతకుముందు ఆమె తలుచుకున్నది పరికిణీలో ఉన్న ఒక పిల్లను, ఆనాటి నరసిని. ఇప్పుడు ఆ పిల్ల స్థానంలో నెరిసిన జుట్టున్న ఆడమనిషి వచ్చి కూర్చుంది, ఈమె మీద బెంగ ఇంకా ఎక్కువగా ఉంది. వచ్చే ఎండాకాలానికి చాలా రోజులుంది. ఇంకా ఈ ఎండాకాలమే సగం కాలేదు.